కుక్కను కొనడం ఒక్కనాటి ఖర్చు, సాదడం పదేళ్ల ఖర్చు

నిజామాబాద్ వినాయక్‌నగర్‌లోనో సుభాష్‌నగర్‌లోనో పొద్దున ఆరింటికి బయటికొస్తే, గొలుసు పట్టుకుని కుక్కను తిప్పేవాళ్లు వీధికొకరు ఎదురవుతారు. బోధన్ శక్కర్‌నగర్ నుంచి ఎడపల్లి, వర్ని, కోటగిరి, రుద్రూరు దాకా చెరకు పండే ఊళ్లలోనైతే కుక్క లేని వాకిలి ఎప్పుడూ తక్కువే. నిజాం షుగర్స్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లోనూ, 2015 డిసెంబరులో దానికి తాళం పడ్డాకా చేను కాపలాకు కుక్క ఉండాల్సిందే. ఇప్పుడు ఆ కాపలా కుక్క పక్కనే పదిహేను వేలు, ఇరవై వేలు పెట్టి తెచ్చిన లాబ్రడార్లు, జర్మన్ షెపర్డ్‌లు, చివరికి హస్కీలు కూడా చేరాయి.

డబ్బు బాగానే ఖర్చవుతోంది, పెట్టాల్సిన చోట మాత్రం పెట్టడం లేదు. పిల్లను కొనడానికి వెనుకాడనివాళ్లు ఏడాదికోసారి వేయించాల్సిన టీకా దగ్గర వెనుకాడతారు. బెల్టుకు వెయ్యి పెట్టినవాళ్లు పురుగుల మందు మరిచిపోతారు. చిన్న ఖర్చు తప్పించుకున్న చోటే పెద్ద నష్టం మొదలవుతుంది, కొన్నిసార్లు అది మనిషి ప్రాణం దాకా వస్తుంది. ఈ ప్రాంతంలో తరచూ వినిపించే మాటల్ని ఒక్కొక్కటే తీసుకుని నిజమెంతో చూద్దాం.

“కొనేటప్పుడే ఖర్చు. తర్వాత మనం తినేదే అది తింటది.”

లెక్క వేసి చూడండి. పదిహేను వేలకు లాబ్రడార్ పిల్లను తెచ్చారు. సరిగ్గా సాదితే అది పది నుంచి పన్నెండేళ్లు బతుకుతుంది. తిండి, టీకాలు, పురుగుల మందు, పిడుదుల మందు, మధ్యమధ్య డాక్టరు ఫీజు, అన్నీ కలిపి నెలకు మూడు వేలే అనుకున్నా పదకొండేళ్లకు 3,96,000 రూపాయలవుతుంది. దాని ముందు కొన్న ధర ఏపాటి?

తిండి ఖర్చు కుక్క బరువును బట్టి ఉంటుంది. పదిహేను కిలోల ఊరకుక్కకు రోజుకు సుమారు 850 క్యాలరీలు కావాలి. ముప్పై కిలోల లాబ్రడార్‌కు 1,400. అరవై ఐదు కిలోల సెయింట్ బెర్నార్డ్‌కు 2,500 దాటుతుంది. సంచుల్లో అమ్మే పొడి తిండి లెక్కన చూస్తే నెలకు ఒకదానికి ఏడు కిలోలు, ఇంకొకదానికి పన్నెండు, మూడోదానికి ఇరవై రెండు. పిల్లను ఎత్తుకుని ముద్దాడే ముందు, పెద్దయ్యాక ఎంత బరువు తూగుతుందో అమ్మేవాణ్ని అడగండి. నెల బడ్జెట్ అక్కడే తేలిపోతుంది.

ఇంటి తిండి పెట్టకూడదా అంటే, పెట్టొచ్చు. జొన్నరొట్టె, అన్నం ఉడికినవి కాబట్టి కుక్కకు అరుగుతాయి. అయితే పెరుగన్నం ఒక్కటే పెడితే మాంసకృత్తులు చాలవు. గిన్నెలో సగం దాకా ఉడికించిన చికెనో గుడ్డో ఉండాలి. కాల్షియం లోటు ఎలా పూడ్చాలో డాక్టరును అడిగి తెలుసుకోవాలి. ‘మనం తినేదే’ అనే మాటలో అసలు చిక్కు మన కూరతో ఉంది. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ లేని కూర మనకు ఉండదు. కుక్క ఒంట్లో అవి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. ఒకరోజు తిన్నందుకు ఏమీ కనిపించకపోవచ్చు, రోజూ కూరన్నం తిన్న కుక్క మెల్లగా రక్తహీనతలోకి జారుతుంది. చికెన్ సెంటర్ నుంచి తెచ్చిన మెడలు, కాళ్లు ఉడికించి ఎముకలతో సహా వేయడం కూడా ఇక్కడ ఎక్కువ. ఉడికిన ఎముక చీలి సూదుల్లా తయారవుతుంది. గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటే ఆపరేషన్ దాకా పోతుంది. మాంసం ఒలిచి పెట్టి ఎముక పారేయండి.

“నెల రోజుల పిల్లయితేనే మాలిమి అయితది.”

ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనలు చెబుతున్నాయి. పెంచి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో పేరు నమోదు చేసుకోవాలని కూడా అవే అంటున్నాయి. తోబుట్టువులతో కొట్లాడుతూనే పిల్ల ఎంత గట్టిగా కొరికితే ఎదుటిదానికి నొప్పి పుడుతుందో నేర్చుకుంటుంది. ముందే విడదీసిన పిల్ల ఆ పాఠం మీ పిల్లల చేతుల మీద నేర్చుకుంటుంది.

“ఊరకుక్కకు రోగాలు రావు, టీకాలెందుకు?”

బతికి తిరుగుతున్న ఊరకుక్కల్ని చూసి ఈ మాట అంటారు. ఒక ఈతలో పుట్టిన ఐదారు పిల్లల్లో ఎన్ని మిగిలాయో ఎవరూ లెక్కపెట్టరు. రక్త విరేచనాలతో రెండు మూడు రోజుల్లో పిల్లను చంపే పార్వో వైరస్‌కు జాతి పట్టింపు లేదు. 1978లో ప్రపంచానికి తెలిసిన ఈ జబ్బు ఏళ్లు తిరక్కుండానే ఖండాలన్నీ చుట్టేసింది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా వేయించాలి. ఆ తర్వాత మూడు నాలుగు వారాలకోసారి చొప్పున పదహారు వారాలు నిండేదాకా వేయిస్తూ పోవాలి. ఒక్కటి వేయించి ఆపేస్తే, తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ ఆ టీకాను పనిచేయనివ్వకపోవచ్చు. మళ్లీ మళ్లీ వేయించమనేది డాక్టరు ఆశతో కాదు, ఇందుకోసమే.

ఈ కలిపి వేసే టీకాల్లో చాలావాటిలో ఎలుక జ్వరం, అంటే లెప్టోస్పైరోసిస్ భాగం కూడా ఉంటుంది. చెరకు ప్రాంతం వాళ్లు దాన్ని వదులుకోకూడదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఇంగమ్ అని చెరకు పట్టణం ఒకటుంది. 1930ల నడుమ అక్కడ చెరకు నరికే కూలీలు జ్వరంతో, పచ్చకామెర్లతో వరసగా పడిపోయారు. కొందరు చనిపోయారు. ఎలుకల మూత్రంతో తడి నేలలోకి చేరిన క్రిమి, ఆకులు కోసిన గాట్లలోంచి వాళ్ల ఒంట్లోకి ఎక్కింది. ఎలుకలు పోయేలా నరికే ముందు చేనుకు నిప్పు పెట్టాలని కోరుతూ అక్కడి కూలీలు 1935లో సమ్మె కూడా చేశారు. మన చెరకు మళ్లలోనూ ఎలుకలున్నాయి, నీళ్లున్నాయి, వాటి వెంట పడే కుక్కలున్నాయి. జబ్బు పడిన కుక్క మూత్రం నుంచి అది ఇంట్లోవాళ్లకూ సోకుతుంది.

టీకా వేయించాక చేతికిచ్చే కార్డును ఒక్క నిమిషం చూడండి. సీసా మీది స్టిక్కర్ తీసి కార్డులో అంటించారా? దాని మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్నాయా? పక్కన డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయా? టీకా సీసా తయారైనప్పటి నుంచి 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే ఉండాలి. మే నెలలో మందుల దుకాణంలో కొని, మోటార్ సైకిల్ డిక్కీలో వేసుకుని ఊరికి తీసుకుపోయి ఎవరితోనో పొడిపించుకుంటే డబ్బు ఖర్చవుతుంది, రక్షణ మాత్రం ఉండదు.

“కుక్క కరిస్తే పసుపు అద్ది కట్టు కడితే చాలు.”

పసుపు పంటకు, పసుపు మార్కెట్‌కు పేరుపడ్డ జిల్లా మనది. గాయమంటే చేయి ముందు పసుపు డబ్బా మీదికే పోతుంది. కొందరు కారం, కొందరు సున్నం, కొందరు ఆకు పసరు పెడతారు. వీటిలో ఏదీ రేబిస్ వైరస్‌ను చంపదు. పైగా గాయం మీద అంటుకుపోయి కడగడానికి అడ్డం పడుతుంది.

పని చేసేది సబ్బు. రేబిస్ వైరస్ పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బు దాన్ని కరిగించేస్తుంది. గాయాన్ని నల్లా కింద పెట్టి, మామూలు బట్టల సబ్బో ఒంటి సబ్బో నురగ వచ్చేలా రాసి, నీళ్లు పారనిచ్చి, మళ్లీ రాయాలి. ఇలా గడియారం చూసుకుని 15 నిమిషాలు చేయాలి. తలకో మెడకో తగిలినా సరే, కడగడం మానకూడదు. గట్టి కట్టు కట్టొద్దు. ఆ వెంటనే దవాఖానకు బయల్దేరాలి. నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో, బోధన్ ప్రభుత్వాసుపత్రిలో రేబిస్ టీకాకు డబ్బు కట్టనక్కర్లేదు.

బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడుస్తారన్న భయంతో దాచిపెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. గొర్రె మెదడు నుంచి తయారుచేసిన ఆ పాత మందు మన దేశంలో ఆగిపోయి రెండు దశాబ్దాలయింది. ఇప్పుడు సూది చేతికే వేస్తారు. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, ఆ తర్వాత 3వ, 7వ, 28వ రోజుల్లో వేస్తారు. రక్తం కారేంత గాయమైతే దానితోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు కూడా వేయాలి. పెద్ద గాయానికి టీకా ఒక్కటే చాలదు, ఆ సంగతి డాక్టరును అడగడానికి మొహమాటపడకండి. మూడో సూది తర్వాత బాగానే ఉంది కదా అని ఆపేయకూడదు. పథ్యం లేదు. గుడ్డు, మాంసం, వంకాయ, తలస్నానం వేటికీ అడ్డు లేదు. గర్భిణులకూ వేస్తారు.

‘మా కుక్కకు టీకా వేయించాం, కరిచినా ఏం కాదు’, ‘పిల్లకుక్క గోరే కదా తగిలింది’ అనే రెండు మాటలూ ప్రమాదమే. పిల్లకుక్కకూ రేబిస్ వస్తుంది. కరిచిన కుక్కను పది రోజులు కనిపెట్టి ఉండమన్నారని మనిషికి టీకా పది రోజులు ఆపకూడదు. టీకా మొదలుపెట్టాలి, కుక్కనూ గమనిస్తూ ఉండాలి. పది రోజుల తర్వాతా అది ఆరోగ్యంగా ఉంటే మిగతా సూదుల సంగతి డాక్టరు చెబుతారు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించే మందు ఈనాటికీ లేదు. ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది దీనితో చనిపోతున్నారని అంచనా. మనుషులకు సోకే రేబిస్‌లో దాదాపు అంతా కుక్కకాటు నుంచే వస్తుంది.

కుక్కకు ఈ టీకా మూడు నెలల వయసులో ఒకటి, ఆ తర్వాత డాక్టరు చెప్పినప్పుడు బూస్టరు, ఆపైన ఏటా ఒకటి. లూయీ పాశ్చర్ 1885 జూలై 6న తొమ్మిదేళ్ల పిల్లవాడికి మొదటిసారి రేబిస్ టీకా వేశాడు. ఆ రోజు గుర్తుగా ఏటా జూలై 6న ప్రభుత్వ పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తారు. డబ్బు లేక వేయించలేదని చెప్పే అవసరం ఆ రోజు ఎవరికీ ఉండదు. వీధిలో మీరు అన్నం పెట్టే కుక్కనూ వెంట తీసుకెళ్లండి.

“తీపి పెడితే గజ్జి పుడతది, బొచ్చు ఊడతది, పురుగులు పడతయి.”

చెరకు సీమలో ఈ మాట అనని ఇల్లు లేదు. కుక్కకు తీపి రుచి తెలుస్తుంది. పిల్లికి తెలియదు, దాని నాలుకకు ఆ గుణం లేదు. అందుకే బెల్లం ముక్క చూపితే కుక్క ఉరికి వస్తుంది. అయితే గజ్జికి బెల్లానికి సంబంధం లేదు. గజ్జి పుట్టించేది కంటికి కనబడని సన్న పురుగు, అది ఇంకో కుక్క నుంచి అంటుకుంటుంది. కడుపులో పురుగులు తల్లి నుంచి, మట్టి నుంచి, పచ్చి మాంసం నుంచి వస్తాయి. ఈ అపోహతో జరిగే నష్టం ఒక్కటే. తీపి మానిపించి, వేపాకు నూరి పూసి రెండు నెలలు చూస్తారు, ఈలోపు గజ్జి ఇంట్లో పిల్లల చేతులకు ఎక్కుతుంది. చర్మం గీకి సూక్ష్మదర్శినిలో చూసే పరీక్ష చిన్నది, మందు కూడా ఉంది. పురుగుల మందు పిల్లప్పుడు రెండు వారాలకోసారి, మూడు నెలలు నిండాక నెలకోసారి, ఆరు నెలలు దాటాక మూడు నెలలకోసారి వేయాలి.

తీపి పెట్టమని దీని అర్థం కాదు. ఒళ్లు పెరుగుతుంది, పళ్లు పాడవుతాయి. నమిలిన చెరకు పిప్పి గొంతులోనో పేగులోనో అడ్డం పడుతుంది. అసలు భయపడాల్సింది మాత్రం చక్కెర లేని తీపికి. షుగర్ ఉన్నవాళ్ల కోసం అమ్మే కొన్ని చూయింగ్ గమ్‌లలో, మిఠాయిల్లో జైలిటాల్ అనే పదార్థం ఉంటుంది. మనుషులకు హాని లేదు. కుక్క తింటే అరగంటలోనే రక్తంలో చక్కెర పడిపోయి మూర్ఛ రావచ్చు, కాలేయం దెబ్బతినవచ్చు. చాక్లెట్, ద్రాక్ష, కిస్మిస్ కూడా కుక్కకు విషమే. పాయసంలోని కిస్మిస్ ఏరి కుక్కకు వేసే అలవాటు మానుకోవాలి.

“పిడుదులకు చేనుకు కొట్టే మందు కలిపి పూస్తే పోతయి.”

ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది. దీనివల్ల చచ్చేది పిడుదు కాదు, కుక్క. చెరకుకు, పసుపుకు కొట్టే పురుగుమందులు కుక్క చర్మంలోంచి లోపలికి పోతాయి, పైగా అది ఒంటిని నాక్కుంటుంది. నోటి నుంచి చొంగ కారడం, ఒళ్లు వణకడం, కాళ్లు పడిపోవడం గంటల్లో మొదలవుతాయి. బర్రెలకు పోసే మందును అదే కొలతలో కుక్కకు పోయడమూ అంతే ప్రమాదం. ఎల్లిగడ్డ తినిపిస్తే పిడుదులు రావనే మాట కూడా తిరుగుతోంది. పిడుదులు పోవు, రక్తం తగ్గుతుంది.

పిడుదును తేలిగ్గా తీసుకోవద్దు. అది మోసుకొచ్చే జ్వరాలు, ఎర్లీకియా, బబేసియా, కుక్క రక్తాన్ని తినేస్తాయి. వారానికోసారి చెవి మడతల్లో, కాలి వేళ్ల మధ్య, బెల్టు కింద వేలు పెట్టి వెతకండి. దొరికినదాన్ని చర్మానికి ఆనించి చిమటాతో పట్టి నిటారుగా లాగి, స్పిరిట్‌లో వేయండి. వేళ్లతో నలపొద్దు. తర్వాత పెదవి ఎత్తి చిగురు చూడండి. గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఆ రంగు తిరిగి రావాలి. చిగురు తెల్లగా పాలిపోయి, కుక్క తిండి మానేసి ఉంటే ఆ రోజే రక్తపరీక్ష చేయించండి. కుక్క మీద దొరికిన పిడుదులు కొన్నే, మిగతావి గోడ పగుళ్లలో గుడ్లు పెట్టుకుంటూ ఉంటాయి. ఒక్కో ఆడ పిడుదు వేల గుడ్లు పెడుతుంది. అందుకే ఇల్లు వదిలేసి కుక్కకే మందు రాస్తే నెలకే మళ్లీ మొదటికొస్తుంది.

విషం సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. చెరకు మళ్లలో పెట్టే ఎలుకల మందు ఉండ తిన్న కుక్కకు ఉప్పునీళ్లో మజ్జిగో తాగించి కక్కిస్తామంటారు. జింక్ ఫాస్ఫైడ్ కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతుంది. తిండి పడితే ఆమ్లం ఊరుతుంది, వాయువు పెరుగుతుంది. ఉప్పు ఎక్కువైతే అది ఇంకో విషం. మందు ప్యాకెట్ చేతిలో పట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. ఏం తిన్నదో తెలిస్తేనే సరైన మందు వేయగలరు. మన ఒళ్లునొప్పుల గోళీలు, ముఖ్యంగా ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్కకు వేయడమూ విషం పెట్టినట్టే. కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు పోతాయి.

“ఒక్క ఈత ఈనితేగానీ ఆడకుక్కకు ఆపరేషన్ చేయించొద్దు.”

ఈ మాటకు ఆధారం లేదు. ఆపరేషన్ చేయించని ఆడకుక్కకు వయసు మీరాక గర్భసంచిలో చీము పట్టే జబ్బు రావచ్చు. అప్పుడు చేసే ఆపరేషన్‌కు ఖర్చూ ఎక్కువ, ప్రాణభయమూ ఎక్కువ. పుట్టిన ఆరు పిల్లలకు ఇళ్లు వెతకడం ఎంత కష్టమో ఒకసారి వెతికినవాళ్లకు తెలుసు.

“ఎండకాలం బొచ్చు గొరిగిస్తే హస్కీ చల్లగ ఉంటది.”

దాని రెండు పొరల బొచ్చు ఎండను కూడా ఆపుతుంది. గొరిగిస్తే చర్మం కాలుతుంది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూ వేడిని బయటికి పంపుతుంది. మేలో 44, 45 డిగ్రీలు కాసే ఊళ్లో హస్కీని తెచ్చుకుంటే ఏసీ గది ఇవ్వాల్సిందే. రోజుకు పది గంటలు నడిపితే నెలకు మూడు, నాలుగు వందల యూనిట్లు కాలుతుంది. గృహజ్యోతి పథకం కింద రెండు వందల యూనిట్ల లోపు సున్నా బిల్లు వచ్చే ఇంటికి ఆ లాభం అక్కడే పోతుంది. ఏ కుక్కనైనా పొద్దున ఏడు లోపు, సాయంత్రం నేల చల్లారాకే తిప్పండి. వడదెబ్బ తగిలితే మామూలు నీళ్లతో తడిపి, గాలి తగిలేలా పెట్టి, దవాఖానకు తీసుకెళ్లండి.

“గేటుకు ‘కుక్క ఉన్నది’ అని బోర్డు పెట్టిన, ఇక నా బాధ్యత లేదు.”

బాధ్యత ఉంటుంది. తన జంతువు వల్ల మనుషులకు హాని కలగకుండా జాగ్రత్త పడనివాళ్లకు భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఖర్చంతా బీమా చూసుకుంటుందనుకునేవాళ్లకూ ఒక మాట: ప్రభుత్వ సంస్థలూ ప్రైవేటు సంస్థలూ కుక్కలకు పాలసీలు ఇస్తున్నాయి. ఏడాది టీకాలు, స్నానం, గోళ్లు కత్తిరింపు లాంటి మామూలు ఖర్చులు సాధారణంగా అందులో రావు. టీకా కార్డు సరిగ్గా లేకపోతే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడతారు. పశువైద్య సేవ మీద జీఎస్టీ లేదు, చికిత్స బిల్లులో వేస్తే అడగండి.

“చిన్న కుక్కే కదా, బుట్టలో పెట్టుకుని స్లీపర్‌లో పోవచ్చు.”

రైల్లో స్లీపర్‌లో గానీ, ఏసీ టూ టైర్, త్రీ టైర్‌లో గానీ కుక్కను ఎక్కనివ్వరు. ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మీకే బుక్ అయితే వెంట ఉంచుకోవచ్చు. లేకపోతే గార్డు బోగీలోని కుక్కల పెట్టె ఒక్కటే మార్గం. రెండింటికీ ముందు పార్సిల్ ఆఫీసులో టికెట్ తీసుకోవాలి.

“గల్ఫ్‌కు పోతున్నం, ఊరి బయట వదిలేస్తే ఎట్లనన్న బతుకుతది.”

ఈ జిల్లాలో ఈ మాట అనేవాళ్లు చాలామంది, అనాల్సి వచ్చేంత అవసరంలో ఉన్నవాళ్లూ చాలామంది. ఇంటి గిన్నెకు అలవాటు పడిన కుక్కకు వీధిలో తిండి వెతుక్కోవడం తెలియదు, అక్కడి గుంపు దాన్ని రానివ్వదు. ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం. వెంట తీసుకెళ్లాలంటే మైక్రోచిప్, రేబిస్ టీకా, అది పనిచేస్తోందని చూపే రక్తపరీక్ష, ఆ దేశం అనుమతి కావాలి. వీటికి నెలలు పడుతుంది కాబట్టి వీసా కదిలిన రోజే పని మొదలుపెట్టాలి. తీసుకెళ్లలేనివాళ్లు ప్రయాణానికి కనీసం రెండు నెలల ముందే చుట్టాల్లోనో తెలిసినవాళ్లలోనో సాదేవాళ్లను చూసుకోవాలి. ముందు ఆ ఇంట్లో ఒక పూట, తర్వాత ఒక రాత్రి ఉంచి అలవాటు చేయాలి. అప్పగించేటప్పుడు టీకా కార్డు, అది తినే తిండి వివరం, డాక్టరు నంబరుతోపాటు నెల నెలా పంపే ఖర్చు ఎంతో కూడా మాట్లాడుకుని పంపండి. అక్క ఇంట్లో వదిలినా సరే, ఆ ఖర్చు మీదే.